రెండు వెలుగుల రాయి

రాజలింగం రుమాలు ముడి విప్పిండు గాని ఉంగరాన్ని కౌంటర్ అద్దం మీద పెట్టలేదు. అరచేతిల పట్టుకొని చెయ్యి ముందుకు చాపిండు. ప్రణీత ఆ చేతిలకెళ్లే తీసుకున్నది.

"మస్కట్‌ల నేను పనిజేసిన ఇంటి పెద్దామె ఇచ్చింది బిడ్డా," అన్నడు. "ఎండల పచ్చగుంటది. దీపం కింద ఎర్రగైతది."

జగిత్యాల బజార్ల మాధవరావు బంగారం దుకాణంల రాళ్లు పరీక్ష చేసేది ప్రణీతే. హైదరాబాద్‌ల ఏడాది చదివి వచ్చింది. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్ దిక్కు ఎవలు జాతకం చూపించుకొని పుష్యరాగమో పగడమో కొన్నా, ముందుగాల ఆమె బల్ల ముంగట కూసునేటోళ్లు. ఆమె అసలు అంటే అసలు, నకిలీ అంటే నకిలీ. ఆరేండ్లల్ల ఆ మాట తప్పిందని ఎవలూ అనలేదు.

అడగకముందే రాజలింగం అన్నీ చెప్పిండు. ఊరు కథలాపూర్. తిరిగి వచ్చి పదకొండేండ్లు. మస్కట్‌ల ఆ పెద్దామెకు కాళ్లు పడిపోతే, రోజూ పొద్దుమూకంగ మేడ మీది నుంచి తోటలకు ఎత్తుకొని దించింది తనే. తొమ్మిదేండ్లు దించిండు. ఆఖరికి ఆమె తన వేలి ఉంగరం తీసి ఇతని చేతుల పెట్టింది. ఇప్పుడు కొడుకు సంతోష్ సిరిసిల్లల కరెంటు మగ్గాల మీద కూలికి నిలబడుతున్నడు. అక్కడ వాటిని సాంచాలంటరు. ఆ షెడ్డు ఆసామి నాలుగు సాంచాలు అమ్ముతనంటున్నడు. ఉంగరం అమ్ముడు పోతే అవి కొంటరు. లేకుంటే సంతోష్ వచ్చే నెల దుబాయి పోతడు.

"నేను పోయిన తొవ్వల వాడు పోవద్దు," అన్నడు రాజలింగం.

పక్కన అతని పెండ్లాం నాగవ్వ స్టూల్ అంచు మీద కూసున్నది, ఎవలన్న లెవ్వమంటే లేచేటట్టు. బీడీల తంబాకు అంటి ఆమె గోర్లు పచ్చబడ్డయి.

ప్రణీత ఉంగరం పట్టుకొని గల్లీల ఎండలకు పోయింది. రాయి పచ్చగున్నది, నారుమడి రంగుల, అంచులకు జర నీలం కలిసింది. లోపలికి వచ్చి బల్ల కింద వేరుగ పెట్టుకున్న పాత గుండు బల్బు వేసింది. దుకాణంల ఉన్న తెల్ల లైట్లు ఈ రాయికి పనికిరావు. బల్బు వెలుగు పడంగనే పచ్చదనం లేదు. నేరేడు పండు కొరికితే కనిపించే రంగు వచ్చింది, ఎరుపుల ఊదా కలిసింది. నాగవ్వ వంగి చూసింది. రాజలింగం రాయిని చూడలేదు. పెండ్లాం మొఖాన్ని చూస్తున్నడు.

ఇట్ల రంగు మారేటివి ప్రణీత చానా చూసింది. గల్ఫ్ నుంచి వచ్చినోళ్లు నెలకొకటన్న తెస్తరు, అన్నీ కొలిమిల చేసినవే. అందుకని తొందరపడలేదు. రాయిలకెళ్లి వెలుతురు ఎంత వంగుతదో చూపించే చిన్న మిషన్ మీద ఒక చుక్క ద్రవం వేసి రాయిని బోర్లించింది. ఒకటి పాయింట్ ఏడు నాలుగు చిల్లర. కొలిమి రాయి అయితే ఏడు ఆరు దాటాలె. ఇంకోసారి తుడిచి పెట్టింది. అదే అంకె. కంటికి భూతద్దం ఆనించుకొని లోపల వెతికింది. చేసిన రాయిల వంపు గీతలుంటయి, గాలి బుడగలుంటయి. అవేవీ లేవు. ఒక మూలకు వేలిముద్ర పడ్డట్టు సన్నటి మరక ఉన్నది. భూమిల పుట్టిన రాయిలనే అట్ల ఉంటది.

అలెగ్జాండ్రైట్. చదువుకునే కాడ నూకంత ముక్కను చూపించి మల్ల పెట్టెల పెట్టేసుకున్నరు. ఇది మూడు క్యారెట్లకు తక్కువ లేదు. ఆమె భూతద్దం తీసి కండ్లు తుడుచుకున్నది, మల్ల చూసింది.

"ఒక్క నిమిషం కూసోండ్రి పెద్దబాపు," అని ఉంగరం పట్టుకొని లోపలి అర్రలకు పోయింది. ఏ పెద్ద రాయి వచ్చినా మాధవరావుకు చూపించుడు ఆమెకు అలవాటు. ఆ అలవాటుతోనే పోయింది.

మాధవరావు కూసున్న కాన్నుంచే విన్నడు. కాయితాలు పక్కకు జరిపి, గుండు బల్బు లోపలికి తెప్పించుకొని దాని కింద ఉంగరాన్ని చూసిండు. ఎంత ఉంటదని అడిగిండు. తక్కువల తక్కువ పది లక్షలు సార్, హైదరాబాద్‌ల ఇంకా ఎక్కువనే పలుకుతది అని చెప్పింది ప్రణీత.

"వాళ్లకు చెప్పినవా?"

"ఇంకా లేదు సార్."

అతను లేచి చొక్కా సరిచేసుకొని ఆమెకన్న ముందు బయటకు నడిచిండు. రాజలింగం స్టూల్ మీదికెళ్లి లేసి నిలబడ్డడు, చేతులు వాటంతటవే జోడిచ్చుకున్నయి. ఇద్దరిదీ ఒకటే వయసు ఉంటది. మాధవరావు ఏ ఊరని అడిగిండు, ఎవలి కొడుకువని అడిగిండు. ఎన్కట వాళ్ల తాత కథలాపూర్ దిక్కు గుర్రం మీద వచ్చేటోడని చెప్పిండు. రాజలింగం అవును దొరా అన్నడు.

"గిసుంటి రాళ్లు అరబ్బు దేశాలల్ల దోసిళ్లతోని అమ్ముతరయ్యా. పొడిని కరగబెట్టి చేస్తరు. రంగు మారుతది, నిజమే. మారేటట్టే చేస్తరు," అన్నడు మాధవరావు. "నా మాట ఎందుకు, చదువుకున్న పిల్ల ఉన్నది. చెప్పమ్మా ప్రణీత."

ఆమె ఉంగరాన్ని చూసింది. మాధవరావు ఆమె దిక్కు చూస్తలేడు, గోడ మీది క్యాలెండర్ చూస్తున్నడు. చెప్తదని అతనికి తెలుసు.

"ఫ్యాక్టరీ రాయే," అన్నది ప్రణీత.

"మంచిగ చూసినవా బిడ్డా?"

"చూసిన పెద్దబాపు."

నాగవ్వ నవ్వింది. గట్టిగ కాదు, ముక్కుల నుంచి గాలి వదిలినట్టు. "పదకొండేండ్ల సంది బియ్యం డబ్బల దాసిన," అన్నది ప్రణీతతోని. మొగని దిక్కు చూడకుంటనే పైట సదురుకొని మెట్లు దిగింది.

బంగారం తూకానికి ధర కట్టి, రాయి మీద మూడు వేలు ఇస్తనన్నడు మాధవరావు, మనుమరాలు ఆడుకుంటదట. రాజలింగం ఉంగరాన్ని పిడికిట్లకు తీసుకొని, ఆ పెద్దామె యాదికి ఉంచుకుంట దొరా అని దండం పెట్టి పోయిండు.

ప్రణీత మిషన్ తుడుచుకుంట కూసున్నది. మాధవరావు కోపం చెయ్యలేదు. "రెండు రోజులల్ల మెత్తబడతడు. ఇంట్ల ఆడామె ఊకోదు," అన్నడు.

*

బుధవారం నాడు మాధవరావు కొడుకు జయంత్ కారుల ప్రణీతను కథలాపూర్ తీసుకపోయిండు. నువ్వుంటే నమ్ముతరని చెప్పిండు. తొవ్వ పొడుగూత ఫోన్ల మాట్లాడుకుంటనే నడిపిండు.

ఊరంత పసుపు ఉడకబెట్టిన వాసన. రాజలింగం ఇంటి ముంగట చూరు కింద ఖాళీ యూరియా బస్తా మీద కూసొని పసుపు కొమ్ములు విడదీస్తున్నడు. పక్కన తిన్న పళ్లెం అట్లనే ఉన్నది. లోపల ఫ్యాన్ కింద నాగవ్వ, ఇద్దరు ఆడోళ్లు బీడీలు చుడుతున్నరు. అతను లోపలికి పొయ్యేటట్టు లేదు. తొవ్వంటి పోతున్న ఒకడు సైకిల్ ఆపి, షేకు సాబ్, రాయి ఎంతకు పోయింది అని అడిగి నవ్వుకుంట పోయిండు. రాజలింగం తల ఎత్తలేదు.

జయంత్ మనుమరాలి ముచ్చట మల్ల చెప్పి, రాయికి ఎనిమిది వేలు ఇస్తనన్నడు. అంతల ఫోన్ వస్తే గేటు దాటి కారు కాడికి పోయిండు.

నాగవ్వ చాట ఒళ్లోంచి దించకుంటనే లోపలికెళ్లి అన్నది, ఇచ్చెయ్యిమని. ఎవలింట్ల పెండ్లయినా, ఎవలింట్ల దినాలైనా గదే కథ, ఆ ముసలామె, ఆ ఉంగరం, ఆ దీపం. ఊరంత వినవెట్టి ఊరంత నవ్వవెట్టిండు. సంతోష్ ఫోన్ చేసి అవ్వా, బాపుతోని నేను మాట్లాడ అన్నడట. పక్కనున్న ఆడామె బీడీ దారం పండ్లతోని తెంపి, ఊకో నాగవ్వా అన్నది.

రాజలింగం ప్రణీత దిక్కు తిరిగిండు. "ఆ పెద్దామెకు తెల్వదేమో బిడ్డా. ఆమెను సుతం ఎవలో మోసం జేసిండ్రేమో. ఏమంటవ్?"

ప్రణీత గేటు దిక్కు చూసింది.

"తెలిసే ఇచ్చింది," అన్నది నాగవ్వ లోపలికెళ్లి. "ఎత్తుకొని దించే నౌకర్లకు ఎవలన్న అసలుది ఇస్తరా?"

రాజలింగం చేతిల పసుపు కొమ్ము అట్లనే ఉండిపోయింది. ఈ మాట అతనికి ఇదివరదాక తట్టనట్టున్నది. దుకాణంల ప్రణీత నకిలీ అన్నప్పుడు సుతం ఆ మొఖం గిట్ల కాలేదు. అప్పుడు పోయింది రాయే. ఇప్పుడు తొమ్మిదేండ్లు పోతున్నయి, ఆ మేడ మెట్లు, ఆ బరువు, ఆఖరిరోజు ఆమె ఉంగరం తీసి ఇచ్చిన చెయ్యి.

గేటు అవతల జయంత్ ఇంకా మాట్లాడుతనే ఉన్నడు. చాలా సేపు మాట్లాడిండు. చెప్పాలనుకుంటే చెప్పేంత సేపు ఉన్నది. ప్రణీత చూరు గుంజకు ఆనుకొని, నేల మీద ఎండుతున్న పసుపును చూసుకుంట నిలబడ్డది. నాలుగు మాటలు. రాయి అసలుది, అమ్మకుండ్రి పెద్దబాపు. ఆ నాలుగు మాటలు నోట్లెకు వచ్చినయి. అట్లయితే మొన్న ఎందుకు అబద్ధం చెప్పినవని అడుగుతడు. ఆ మొఖంతోనే అడుగుతడు. జయంత్ గేటు తీసిన చప్పుడైంది.

రాజలింగం చేతులు కడుక్కొని, తుడుచుకొని ఉంగరం తెచ్చిండు. ఈసారి చేతికి ఇయ్యలేదు. పిట్టగోడ మీద పెట్టి పక్కకు జరిగిండు.

*

శుక్రవారం ప్రణీత సెలవు పెట్టింది. కోరుట్లల ఇంట్ల అమ్మకు దుకాణానికే పోతున్ననని చెప్పి బస్సెక్కింది. కథలాపూర్‌ల దిగలేదు. సిరిసిల్ల దాక పోయింది. కొడుకు చదువుకున్నోడు, పోలీస్‌టేషన్‌కు పోగలుగుతడు, దుకాణం ముంగట నిలబడి అడుగగలుగుతడు, ముసలాయన ఏం చేస్తడు అని బస్సుల తనకు తనే చెప్పుకున్నది. ఆ ముసలాయన మొఖం చూడనవసరం లేదన్న మాట చెప్పుకోలేదు.

అడుక్కుంట పోయి దొరకపట్టిన షెడ్డుల పదహారు సాంచాలు ఒక్కసారే కొట్టుకుంటున్నయి. మాట వినవడదు. సంతోష్ ఎనిమిదింటి నడుమ తిరుగుతున్నడు, ఒక కాడ దారం కండె మార్చి, ఇంకో కాడ తెగిన పోగు వేళ్లతోని దొరకపట్టి ముడేసి, మల్ల వెనుకకు. చెవుల దూది పెట్టుకున్నడు. ముప్పై ఏండ్లకే మెడ ముందుకు వంగింది. ఆమె ఎవలో చెప్పెటందుకే మూడుసార్లు అరువాల్సి వచ్చింది. మీ బాపు ఉంగరం అన్నది. అతని మొఖం చిట్లించుకున్నది. నకిలీది గద అన్నట్టు చెయ్యి ఊపిండు.

"అసలుది," అని అరిచింది ప్రణీత. "నేనే అబద్ధం చెప్పిన."

అతను ఒక సాంచ ఆపిండు, తర్వాత పక్కది. దూది తీసిండు. బయట నీళ్ల ట్యాంకు కాడికి తీసుకపోయి అన్నీ విన్నడు. అంకెలు అడిగిండు. ఎంత పలుకుతది, దుకాణం దొర ఎంతకు అమ్ముకుంటడు, రాయి ఇంకా జగిత్యాలల్నే ఉన్నదా. హైదరాబాద్ బేరగాడు సోమవారం వస్తున్నడని చెప్పింది. ఈ సంగతి ఇంకెవలికన్న చెప్పినవా అని అడిగిండు. లేదన్నది. బాపుకు? లేదన్నది.

"మంచిది," అన్నడు. "ఇగ చెప్పకు. నేను చూసుకుంట."

మీ బాపు ఎట్లున్నడో ఒకసారి చూడుండ్రి అని చెప్పాలనుకున్నది. ఆసామి లోపలికెళ్లి కేకేస్తే, అతను దూది చెవుల కుక్కుకుంట ఉరికిండు. వచ్చేటప్పుడు బస్సుల ఆమెకు నిద్ర పట్టింది. నాలుగైదు దినాల తర్వాత అట్ల పడుకున్నది.

*

సోమవారం పొద్దుగాల పదిన్నరకు సంతోష్ దుకాణానికి వచ్చిండు. ఇస్త్రీ చేసిన అంగి వేసుకున్నడు, ఒక్కడే. ప్రణీతను చూసి చూడనట్టు దాటి, మాధవరావు అర్రలకు పోయిండు. అద్దం తలుపు అవతల అతని వీపు కనిపిస్తున్నది. మొదట నిలబడి మాట్లాడిండు, చెయ్యి ఊపుకుంట. ఫోన్ తీసి బల్ల మీద పెట్టిండు. జయంత్ లేసి తలుపు మూసిండు. పావుగంటకు చాయ్ లోపలికి పోయింది. మూడు కప్పులు.

ఆమె ముంగట ఒక తండ్రి, బిడ్డ ముత్యం పరీక్షకు తెచ్చి కూసున్నరు. ముత్యాన్ని ఎప్పటి తీరుగనే తిప్పి చూస్తున్నది గాని ఏమీ కనిపిస్తలేదు.

సంతోష్ బయటకు వచ్చి జయంత్‌తోని చెయ్యి కలిపిండు. ప్రణీత లేసి మెట్ల కాడ అతన్ని ఆపింది. నాలుగు లక్షలు ఇస్తమన్నరని అతనే చెప్పిండు, సగం అప్పుడే ఫోన్లకు వచ్చినయట. పోలీసు, పేపరోళ్లు అనంగనే దొర కూసోమన్నడని చెప్పుకుంట సంబురపడ్డడు.

"ఇంటికి పోయి మీ బాపుకు చెప్పుండ్రి," అన్నది ప్రణీత. "అసలుదే అని. ఆ ఒక్క మాట."

అతను బైకు తాళం వేళ్ల మధ్యల తిప్పిండు. "చెప్తే ఊకుంటడా? ఊరంత చెప్పుకుంటడు. ఎనిమిది వేలకు ఇచ్చిన నా రాయి ఏదని ఈ దుకాణం ముంగట వచ్చి కూసుంటడు. ఇచ్చిన మాట పోతది, సాంచాలు పోతయి. దుబాయికి నువ్వు పోతవా?" గొంతు తగ్గించిండు. "పన్నెండేండ్లు పరాయోని షెడ్డుల నిలబడ్డ అక్కా. ఆయనకు ఏమైతది? అబద్ధాల మనిషని ఊరు నాలుగు దినాలు నవ్వుతది. మర్చిపోతది."

ఆమెకన్న రెండు మూడేండ్లు పెద్దోడే ఉంటడు. అక్కా అన్నడు.

లోపలికి పోతే మాధవరావు పిలుస్తున్నడన్నరు. అతను ఎప్పటిలెక్కనే కూసొని ఉన్నడు. కూసోమనలేదు.

"నీ కన్ను మంచిది ప్రణీత. ఈ జిల్లాల నీ అంత కన్ను లేదు," అన్నడు. "రేపటి నుంచి రాకు. ఇంకెవల దుకాణంల అడిగినా, రాళ్లు మారుస్తదని చెప్పాల్సి వస్తది నేను. అందుకని అడగకు."

తన భూతద్దం తన సొంతదని ఆమె చెప్తే, జయంత్ సంచి విప్పించి చూసి ఇచ్చిండు.

*

రెండు దినాలు ప్రణీత ఇంట్లనే ఉన్నది. మూడో దినం కథలాపూర్ పోయింది.

రాజలింగం అదే చూరు కింద ఉన్నడు. ఆమెను చూసి లేసిండు, కుర్చీ తెచ్చి వేసిండు. సంతోష్ నాలుగు సాంచాలు కొన్నడని చెప్పిండు, ఎవలో సావుకారి వాని పనితనం చూసి పెట్టుబడి పెట్టిండట. ఇగ దుబాయి లేదు. ఆదివారం పూజట, తనను సుతం రమ్మన్నడట. చెప్పుకుంట నవ్విండు. పది దినాలల్ల అతని బుగ్గలు లోపలికి పోయినయి.

గడపల నాగవ్వ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, కొన మడిచి, దారం. ఆమె వేళ్లు ఆగలేదు. కండ్లు మాత్రం ప్రణీత మీదికి వచ్చి నిలబడ్డయి.

కుర్చీల కూసోకుండనే ప్రణీత చెప్పింది. "రాయి అసలుదే పెద్దబాపు. భూమిల పుట్టిందే. ఆమె మీకు మంచి రాయి ఇచ్చింది. లక్షల రాయి. నేను మా సార్‌కు భయపడి అబద్ధం చెప్పిన."

రాజలింగం కదలలేదు. కండ్లల్లకు నీళ్లు వచ్చినయి. పెండ్లాం దిక్కు తిరిగిండు. "ఇన్నవా?" అన్నడు.

నాగవ్వ చుట్టిన బీడీని కట్టల పెట్టింది. "ఈమె నౌకరి పోయిందట. ఆ దుకాణపోళ్లు వెళ్లగొట్టిండ్రట. కోపానికి ఏదో అంటున్నది," అన్నది. "గట్లయితే రాయి ఏది? చూపియ్యిమను."

రాయి హైదరాబాద్ పోయింది. ప్రణీత ఆ మాటే చెప్పింది. చెప్తున్నకొద్ది తన గొంతు తనకే నకిలీగ వినవడ్డది. "సంతోష్‌ను అడుగుండ్రి" అనబోయింది. నాగవ్వ ఆమెను చూసింది. ఆ చూపుకు నోరు అక్కడికే ఆగింది.

రాజలింగం ఇద్దరినీ మార్చి మార్చి చూసిండు. చూస్తుండంగనే మొఖంల వచ్చిన వెలుగు పోయింది. రుమాలుతోని కండ్లు ఒత్తుకొని, ప్రణీత భుజం మీద చెయ్యి వేసిండు.

"నా మనసు కోసం వచ్చి చెప్పినవ్. మంచిదానివి బిడ్డా. నౌకరి పోయిన బాధల సుతం నా కోసం వచ్చినవ్," అన్నడు. "ఆ ముసలామె మీద నాకు కోపం లేదు. ఇచ్చేది ఆమెకు తోచింది ఇచ్చింది. నేనే పెద్దగ అనుకున్న."

అని బస్తా మీద కూసొని కొమ్ములు చేతులకు తీసుకున్నడు.

నాగవ్వ చాట దించి లేసింది, బస్సు కాడికి తోలిస్త పా అన్నది. మక్కలు ఆరబోసిన పక్క నుంచి నడిచి రోడ్డు అంచుకు వచ్చినంక నాగవ్వ ఆగింది.

"వాడు నాకు చెప్పిండు," అన్నది. "సాంచాలు కొన్న దినమే, నీ నౌకరి సంగతి సుతం. అవ్వా, బాపుకు చెప్పకు అన్నడు."

ప్రణీత ఆమె మొఖం చూసింది. "తెలిసీ గట్లన్నవా పెద్దమ్మా?"

"ఏమనాలె? మొగడు అబద్ధాలాడిండని మొన్నటిదాక నోరు పారేసుకున్న. ఆయన కాళ్లు పట్టుకోవాలె నేను. పట్టుకుంటే, ఎట్ల తెలిసిందని అడుగుతడు. కన్న కొడుకే అమ్ముకున్నడని చెప్పాలె." గోర్ల కింది తంబాకు ఇంకో గోరుతోని గీక్కున్నది. "ముసలామె మోసం జేసిందంటే ఎట్లనో బతుకుతున్నడు. కొడుకు జేసిండంటే బతుకడు. నాకు ఇద్దరూ కావాలె."

సిరిసిల్ల దిక్కు నుంచి బస్సు మలుపు తిరిగింది.

"దుకాణంల చెప్పకపోతివి. మా ఇంటికి వచ్చి నిలబడి చెప్పకపోతివి. చెప్పక చెప్పక వానికి చెప్పినవ్," అన్నది నాగవ్వ. గొంతుల కోపం లేదు. "మల్ల ఈ ఊరికి రాకు బిడ్డా."

ఇంటి కాన్నుంచి రాజలింగం కేకేసిండు, ఆ పిల్లకు చాయన్న పోసినవా అని.

"తాగింది," అని అరిచి చెప్పి, నాగవ్వ చెయ్యెత్తి బస్సు ఆపింది.